నూటికో కోటికో

సర్సెన్‌బాయ్ ఇవాళ కూడా రాలేదు.
అతని పేరు రాసిన గిన్నెలో మూడు మాత్రలు,
పక్కన పింగాణీ కప్పులో చల్లారిన టీ.

దగ్గు తగ్గిందట. ప్యాంటు బిగుతయిందట.
కఫంలో క్రిములు కనబడలేదని
కాగితం ఇచ్చింది నేనే.
కనబడలేదు అని రాశాను,
లేవు అని రాయలేదు.
ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో చెప్పేలోగా
కాగితం మడిచి టోపీలో దోపుకుని
సముద్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

సముద్రం అంటే, మిగిలిన సముద్రం.
మొయ్‌నాక్‌లో ఒకప్పుడు అలలు తాకిన గట్టు నుంచి
ఇప్పుడు జీపులో అయిదు గంటలు.
దారంతా ఉప్పు లేచి అద్దాలు తెల్లబడ్డాయి.
డ్రైవరు తుడుస్తాడు, అది మళ్లీ కమ్ముతుంది,
అతను మళ్లీ తుడుస్తాడు.

మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుని
చెప్పబోయే మాటలు కూడబలుక్కున్నాను:
చూడన్నా, ఈ మందు గోడ కట్టేవాళ్లనే చంపుతుంది.
ఇటుక మీద ఇటుక పేరుస్తూ
ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ
ఒళ్లు మరిచి పని చేసేవాళ్లని.
తాపీ పక్కన పడేసి పడుకున్నవాణ్ణి మాత్రం
దాటుకుని పోతుంది.

వాడు వీరుడేం కాదు.
మందును ఎదిరించే విద్య వాడికి రాదు.
లేచాక మళ్లీ అదే మందు పోస్తే
వాడూ వాడి సంతానమూ వరసగా చస్తారు,
ఒక్కడు తప్ప.
నూటికో కోటికో ఒక్కడు,
ఎవరూ జోకొట్టకుండానే పడుకునేవాడు.

నవంబరు. ఒడ్డున పలచటి మంచు.
సర్సెన్‌బాయ్ తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని
నీళ్లలో నిలబడి వలతో దుమ్ము పడుతున్నాడు.
ఇటుకపొడి లాంటి ఎర్రదుమ్ము, నురగ మీద తేలుతూ.
ఉప్పునీటి రొయ్య గుడ్లు.
ఎక్కడెక్కడి చేపపిల్లల మేతకో
బస్తాల కెత్తి పంపుతారు.

నన్ను చూసి తల దించుకున్నాడు. నేను తిట్టలేదు.
గుప్పెడు గుడ్లు తీసి అడిగాను:
ఇవి చచ్చినవా, బతికున్నవా?

బీబీనాజ్, అది వాటినే అడుగు, అని నవ్వాడు.
ఎండినా చావవు, గడ్డకట్టినా చావవు.
మా షెడ్డులో ఆరేళ్ల నాటి బస్తా ఉంది,
గోరువెచ్చటి ఉప్పునీళ్లలో వేసి దీపం పెడితే
మర్నాటికి ఈదుతాయి.

అన్నీనా?

అన్నీ ఎలా లేస్తాయి?
మొదటి తడికి కొన్ని కదలనే కదలవు.
ఆ తడి మోసమైతే
వంశం నిలబెట్టటానికేమో, అంటూ
వల ఎత్తబోయిన చెయ్యి
సగంలో ఆగింది.

జీపులో కూర్చిన ఉపన్యాసమంతా
నా నోట్లోనే కరిగిపోయింది.
అతని కోటు రెండో బొత్తాం దగ్గర
వేలితో తట్టాను. అంతే.

చాలాసేపు మాట్లాడలేదు.
ఓడలు ఇసకలో కూరుకున్నాక,
చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక
వీధి వీధంతా కజకస్తాన్ తరలిపోతే
తలుపు వేసుకుని ఆగిపోయిన ఇల్లు అతనిది.
ఆగటమంటే ఏమిటో
నేనా అతనికి చెప్పేది?

ఇంకా ఎన్నాళ్లు? అన్నాడు.
నాలుగు నెలలు. ఒక్కొక్కటే లేస్తుంది,
లేచిన పూట ఒంట్లో మందు ఉండాలి.
వాటిని ముందే నిద్ర లేపే మందు లేదా?
వెతుకుతున్నారు.
దొరికిందా?
లేదు.

థర్మాస్ మూతలోకి టీ వంచుకుని మూడూ మింగాడు,
మొహం చిట్లించాడు.
తర్వాత నా గుప్పిట విప్పించి
ఎర్రదుమ్ము రేణువు కూడా పోకుండా
వలలోకి దులుపుకున్నాడు. కిలోల లెక్క కదా.

మేస్త్రీ చేతికి వారం మాత్రలిచ్చి బయల్దేరాం.
దారిలో రిజిస్టరు తీసి ఇవాళ్టి గడిలో టిక్కు పెట్టాను.
జీపు కుదుపుకి దాని తోక
రేపటి గడిలోకి జారింది.

రబ్బరుతో చెరిపేశాను.