‘ని’ పడని మిషను

మా నాన్న టైపు మిషనులో ‘ని’ పడేది కాదు.
పడినా, తడిచేత్తో తుడిచినట్టు
ఒక మసక.
గుంటూరు కోర్టు గోడవార, రేకుల నీడలో
వేసవి సెలవులంతా నా ఉద్యోగం అదే:
నల్లసిరా పెన్ను పట్టుకుని
ఖాళీలు వెతికి ‘ని’ దిద్దడం.
కాపీకి ఐదు పైసలు.

‘న్యాయస్థానం’లో నాతో అవసరం పడేది కాదు.
‘విన్నపం’లోనూ.
‘నిందితుడు’ దగ్గర, ‘నిజం’ దగ్గర, ‘నిర్దోషి’ దగ్గర
నా కోసం ఆగేవి కాగితాలు.

రోజూ పొద్దున్నే ఆ మిషనుని నెత్తిన పెట్టుకుని
కోర్టు దాకా చేర్చేవాడు ఏసోబు.
అక్కణ్ణించి మిర్చి యార్డుకి, బస్తాల కిందికి.
సాయంత్రం మళ్ళీ మా అరుగు మీద దింపేవాడు.
అతను మలుపు తిరిగాక
అమ్మ చెంబుతో వచ్చి
మిషను మీద నాలుగు చుక్కలు చల్లేది.
‘‘ఎందుకే?’’ అంటే ‘‘దుమ్ము’’ అనేది.
నమ్మాను. గుంటూరులో దుమ్ముకి కొదవేముంది.

ఆ ఏప్రిల్లో ఒక ఇరవై కిలోల రాయి పోయింది.
కమీషను షావుకారు కాటా మీది రాయి.
ఏసోబు ఎత్తుకుపోయాడట.
పొద్దున ఫిర్యాదు కొట్టింది మా నాన్నే.
మధ్యాహ్నం వాళ్ళమ్మ కరుణమ్మ ఎండలో నిలబడి చెబుతుంటే
బెయిలు అర్జీ కొట్టిందీ నాన్నే, అదే మిషను మీద.
దానికి డబ్బులు తీసుకోలేదు.
ఆమెని నీడలోకి రమ్మనీ అనలేదు.

‘‘రాయి ఎవరైనా దొంగతనం చేస్తారా నాన్నా?’’
‘‘చేశాడని రాశారుగా.’’
‘‘ఏం చేసుకుంటాడు?’’
టకటక. రోలరు తిప్పిన చప్పుడు.
ఆ రాయి పంతొమ్మిదే తూగుతుందని
రైతుల ముందు ఏసోబు అనడం,
ఆ రాత్రే రాయి మాయమవడం
కాగితం మీద లేవు.
నేను దిద్దేందుకు ఖాళీ కూడా వదల్లేదు.

మూడు కాపీలు. రెండింట్లో దిద్దాను.
మూడోదాని దగ్గరికొచ్చేసరికి పుల్లైసు బండి గంట.
పరిగెత్తాను.
తిరిగొచ్చేసరికి కాగితం లోపలికెళ్ళిపోయింది,
నా ‘ని’ లేకుండా.

ఏడాదిన్నర పడింది ఏసోబుకి.

పదేళ్ళప్పుడు నాకు తెలిసిన న్యాయశాస్త్రమంతా ఇదీ:
నేను ఐసు తిన్నందుకు అతను జైలుకెళ్ళాడు.
రాత్రుళ్ళు దుప్పటి కింద అరచేతిలో
వేలితో ‘ని’ ‘ని’ ‘ని’ అని రాసుకునేదాన్ని.
జ్వరం వచ్చింది.
అమ్మ దిష్టి తీసింది,
యార్డు ఎండుమిరపకాయలతోనే.

నాన్న పోయాక
ట్రంకుపెట్టెలో దొరికాయి పాత కార్బన్లు.
కిటికీకి ఆనించి, తిరగేసి చదివాను.
‘ని’ ఎక్కడా లేదు, నిజమే.
కానీ ఏసోబు పేరు పక్కన, వాళ్ళ నాన్న పేరు తర్వాత,
ఫిర్యాదులోనూ అర్జీలోనూ
కులం: మాదిగ.
మూడక్షరాలూ మసకన్నది లేకుండా పడ్డాయి.
వాటిని ఎవరూ దిద్దక్కర్లేకపోయింది.

మిషను బాగుచేయిద్దామని పట్నంబజారు తీసుకెళ్తే
మస్తాన్ సాయిబు మీటలు విప్పి చూశాడు.
‘‘అరిగింది కాదమ్మా ఇది, తుప్పు.
ఎవరో పనిగట్టుకుని రోజూ నీళ్ళు పోసినట్టుంది.’’

మొన్న యార్డు గేటు దగ్గర ఏసోబు.
కనుబొమలు నెరిశాయి.
మెడ మీద బస్తాలు రాసి రాసి కాయకట్టిన చోటు.
నేనెవరో చెప్పాను. చెప్పాల్సింది ఇంకా ఉంది,
గొంతు దాకా వచ్చింది.
అతనే ముందు,
‘‘టైపు శరభయ్యగారి పాపవా!
మహా బరువమ్మా మీ మిషను.
పదహారు కిలోలు, నికరంగా’’
అని నవ్వి, తుమ్మాడు.
నేనూ తుమ్మాను.