రోజుకి పది

మెట్రో సొరంగం పనిలో సర్వేయరుగా
పెరంబూరులో అద్దెకి దిగిన రెండోవారం
కింది వాటా ఎతిరాజమ్మ
నా చేతిలో గ్రాఫు కాగితాల కట్ట చూసి అడిగింది:
"నాయినా, నీకు తెలుగు రాయను వస్తాదా?"

నాలుగు తరాలుగా ఇంట్లో తెలుగే,
బళ్ళో మాత్రం తమిళం.
తిట్టడం, లాలించడం, బేరం, శోకం, అన్నీ వచ్చు ఆమెకి.
అక్షరం ఒక్కటీ రాదు.
మ్యాటీ గుడ్డ రెండు గజాలు కొని పెట్టుకుంది.
"చదవను నేర్చుకునే వయసు దాటిపోయింది.
కుట్టను నేర్చుకుంటా."

పగలంతా చీరలకి ఫాల్సు కుడుతుంది,
పైకి కనపడితే కూలి పోయే కుట్లు.
రాత్రి గిన్నెలు కడిగాక
మొద్దు సూదిలో రెండు పోగులెక్కించి
కనపడటానికే పుట్టిన కుట్లు వేస్తుంది.
రోజుకి పది.
జ్వరమొచ్చినా పది, పండగైనా పది.
కళ్ళు బాగున్నాయి కదా అని
పదకొండోది వెయ్యదు.

అ కి నూట తొంభై ఆరు.
నేను గళ్ళు నింపి ఇస్తే ఆమె ఎంచుకుంది,
ఒకటీ, రెండూ, మూడూ అని,
రోజంతా తమిళంలో చిల్లర లెక్కపెట్టిన నోటితో.

గుండ్రటి అక్షరం గళ్ళలోకి దిగితే
మెట్లు మెట్లవుతుంది.
"ఏంది, దీనికిన్ని మోకాళ్ళు?" అంది మొదట.
వాకిట్లోకి వెళ్ళి, దూరం నుంచి చూసి,
"ఆ, ఇప్పుడు సరిగ్గా కూర్చుంది" అంది.
తలకట్టుని పిట్ట అంటుంది.
క మీద పిట్ట వాలింది,
ఖ మీద ఎందుకు వాలలేదని అడిగితే
నా దగ్గర జవాబు లేదు.

ఝ దగ్గర తప్పు నాది.
ఫోనులో కొట్టడమే గానీ చేత్తో రాసి ఎన్నేళ్ళో,
ఒక కొమ్ము మరిచిపోయి గీశాను.
తొంభై కుట్లయ్యాక గానీ చూసుకోలేదు.
చెప్పడానికి మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాను.
ఆమె ఒక్క మాటా అనలేదు.
సూది వెనక్కి తిప్పి, ఒక్కో కుట్టూ లేపి,
విప్పడం కూడా రోజుకి పదే.
తొమ్మిది రాత్రులు వెనక్కి నడిచింది.
ఊడిన పోగులు దగ్గుబిళ్ళల డబ్బాలో ఉన్నాయి.

ఞ నుంచీ నీలం కొంచెం పలచన.
పాత లచ్చి అయిపోయింది.
కొట్టువాడు అదే నంబరంటాడు,
దారం ఒప్పుకోదు.
"కానీలే, యాడ మారిందో గుర్తుంటాది."

ఠ కడుపులో చుక్కకి నాలుగే కుట్లు మిగిలాయి.
ఆ రాత్రి నాలుగే వేసి దీపం ఆర్పేసింది.
మిగతా ఆరూ డ కి వాడుకోలేదు.
నేనైతే వాడుకునేవాణ్ణి.

ఇది రెండో డిసెంబరు. నిన్న డ పూర్తయింది.
పొద్దున పాలు తీసుకుని ఇద్దరం వస్తుంటే
స్లాబుల కొట్టు ముందు
నల్లరాళ్ళు దింపుతున్న లారీ.
వెనక తలుపు మీద పసుప్పచ్చ రంగుతో మూడక్షరాలు.
ఎతిరాజమ్మ ఆగిపోయింది.
పాల ప్యాకెట్టు చెమ్మ మోచేతిదాకా కారుతోంది.
వేలు గాల్లో మెట్లు మెట్లుగా కదిలింది.
"క."
చాలాసేపటికి, "డ."
"కడ. కడంటే చివర గదా నాయినా?"

మూడోదాని ముందు వేలు నిలిచిపోయింది.
దాని మీద పిట్టుందని మాత్రం తెలిసింది.
నా నోటిదాకా వచ్చింది.
"చెప్పబాకు" అంది.

ఢ, ణ, త, థ అని లోపల ఎంచుకున్నాను.
ప ఎనిమిదోది.
అక్షరానికి మూడు వారాలు,
అంటే కత్తిరి ఎండలకి.
అప్పటికి మా సొరంగం పెరంబూరు దాటిపోతుంది,
నన్నే ఊరు పంపుతారో.
మిగతా కాగితాలన్నీ ఇప్పుడే గీసి ఇవ్వాలి,
ఒక్క కొమ్మూ మరవకుండా.

తొమ్మిదిన్నరకి కింద ట్యూబులైటు
టకటకా కొట్టుకుని వెలిగింది.
ఢ.
ఒకటీ, రెండూ.