నూనె పెట్టని నాడు

తలకు నూనె పెట్టుకోకుండ రమ్మన్నరు.
పుట్టినకాడికెల్లి గట్ల ఎన్నడు గడప దాటలే.
"ఏమే అండాలూ,
పీనుగ లేచిన ఇల్లా మనది?" అన్నది అమ్మ.

నల్లగొండ, పానగల్లు రోడ్డు,
కాలేజీల మూలకున్న చీకటి అర్ర.
నుస్రత్ మేడం నా నెత్తికి టోపీ తొడిగింది.
ముప్పై రెండు తీగలు,
తీగ తీగ మొదట్ల సల్లటి జిగురు.
కదలకు, రెప్ప కొట్టకు.
తెర మీద ఇంగ్లీషు
ఒక్కొక్క మాటే వచ్చి పోతాంది,
బత్తాయి మండిల కాయలేరుతుంటే
చేతికింద దొర్లిపోయినట్టు.
మంచిదైతే ఈ మీట, పుచ్చుదైతే ఆ మీట.

షి గో టు మార్కెట్.
పుచ్చు. గది నాకెరుకే, గోకు తోక లేదు.
ఆ ఎస్సు కోసం ఏడో తరగతిల
వేళ్ల గణుపుల మీద స్కేలు దెబ్బలు తిన్నదాన్ని.
వేలు కదలకముందే లోపల గీత లేసిందట,
కాకుంటే జర ఆలస్యంగ,
ఇంగ్లీషుల పుట్టినోళ్లకంటె రెప్పపాటు ఎన్కకు.
ఉండదా మరి?
అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, వాన వచ్చింది,
మా తాన ముగ్గురికీ ఒక్కటే తలుపు.
ఇక 'ది' సంగతి అడగకు,
తూకంల ఉంచాల్నో దులిపెయ్యాల్నో తెల్వని
చారెడు మట్టి.

నూట పద్నాలుగోది:
వి ఆర్ హంగ్రీ.
మంచిదనే నొక్కిన.
అయిపోయినంక మేడం గీతలు ముంగటేసుకొని
"ఇక్కడెందుకు ఆగినవ్?
తప్పేం లేదు గదా" అన్నది.

ఏమని చెప్పాలె?
ఎవరో ఆకలంటున్నరు.
మేము అంటున్నరా, మనం అంటున్నరా?
మేమైతే నేను బయటి మనిషిని.
మనమైతే ఇంకో పళ్లెం కడగాలె.
ఆ వాక్యంల నేనున్ననో లేనో
చూసుకునేటందుకు ఆగిన, గంతే.

మేడం నవ్వింది.
"మా ఇంట్ల హమ్ అంటే అందరం,
ఒక్కోపారి మా నానీ ఒక్కతే" అన్నది.
"ఈ గీత నా లెక్కలకు రాదు గాని"
అని పెన్సిలుతోటి దాని చుట్టు
సున్నా చుట్టి, కొట్టెయ్యకుండ వదిలింది.

బస్సుల జిగురెండి
జుట్టంత వరిగడ్డి.
అమ్మ నూనె కాచి కూసున్నది,
తిట్టుకుంటనే మాడు మీద పోసింది.
కండ్లు మూసుకొని అన్న: వి ఆర్ హంగ్రీ.
"ఏందే అది?"
"మనకు ఆకలైతాందని."

"మనకేంది, నేను తిన్న.
నీకే."