ఒక్క తలకు ఒక్కటే గుండు

రిజిస్ట్రారాఫీసు గోడవార, నీలం టార్పాలిన్ కింద
నా బల్ల.
గుండుసూదుల డబ్బా, కార్బన్ కాగితాలు,
గాలికి ఎగిరిపోకుండా స్వర్ణముఖి గులకరాయి.
ఇరవై రెండేండ్లుగా ఈడ కూచుని
ఊరోళ్ళ సంగతులు రాస్తా వుండా.

పొద్దున్నే వచ్చింది జ్యోత్స్నావతి.
పుట్టింది పలమనేరులో, పౌరసత్వం అమెరికాది.
పక్కన మొగుడు, కెనడా మనిషి.
ఎతియెన్ అంట. నాకు నోరు తిరగలా,
ఎతియన్నా అన్నా. పలికినాడు.
కొత్త గుండు. చందనం ఇంకా ఆరలేదు.
"నిన్న కొండకు పోయొచ్చినాం అక్కా,
ఫోటో స్టూడియో ఆయన బెదరగొడతా వుండాడు,
పాస్‌పోర్టులో జుట్టుంది, ఈడ లేదు,
అమెరికావోళ్ళు వేరే మనిషంటారని."
ఈ ఊళ్ళో అంతకంటే నమ్మకమైన గుర్తింపు కార్డు
ఇంకోటి లేదమ్మా అన్నా.

కట్ట విప్పింది.
వాళ్ళ పెండ్లి నోటీసు నెల్నాళ్ళు ఈ ఆఫీసు బోర్డు మీదే వుండింది.
అడ్డు చెప్పింది ఎవురూ లేరు,
ఒక మూల మేక నమిలింది, అంతే.
పీటల మీద అయ్యోరు గోత్రం అడిగితే
తెలీనోళ్ళకు కాశ్యపం అని ఆయనే చెప్పేసుకున్నాడంట.
అమెరికా కాగితంలో ఆ గడి లేదు.
వేరే గడులుండాయి:
మీ పెండ్లి నిజమేనా?
కరెంటు బిల్లు ఇద్దరి పేర్న వుందా?
ఇద్దరూ వున్న ఫోటోలు ఎన్ని, ఎవురు తీసినారు?

కొర్లగుంటలో ఇద్దరూ బాడుగకున్న ఇంటి ఓనరు,
ఆర్ముగం మొదలి, అఫిడవిట్ ఇయ్యడానికి వచ్చినాడు.
ఆయన చెప్పినాడు, నేను టైపు కొట్టినా.
'రెండేండ్లు ఆలుమగలుగా నా ఇంట్లో కాపురముండినారు.
నెల తప్పకుండా బాడుగ ఇచ్చినారు.
ఆ పిల్లోడు ఇడ్లీకి చక్కెర అద్దుకుంటాడు,
ఆ పాప తిడతానే చక్కెర డబ్బా ముందర పెడతాది.'
మూడో మాట కొట్టేయబోయినా.
"వుండనీ అక్కా" అనింది జ్యోత్స్నావతి,
"నాకాడ అంతకంటే సాక్ష్యం ఏముంది?"

స్టాంపు పేపర్లకు పోయిన పిల్లోడు రాలా.
టీ తాగతా పన్నుల సంగతి చెప్పింది.
కెనడా విడిచే రోజుకి
ఈయన షేర్లన్నీ అమ్మేసినట్టే లెక్కంట.
అమ్మకపోయినా.
రూపాయి చేతికి రాకపోయినా
వచ్చిందనుకుని లాభం మీద పన్ను కట్టాలంట.
ఏటి ఒడ్డున గుడిసె ఒకటుంటే దాన్ని వదిలేస్తారు,
ముసిలితనానికి దాచుకున్న దుడ్డూ అంతే.
నిలువుదోపిడీ అన్నా నేను.
ఎతియన్నకు అర్థం చెప్పేదానికి
నా కమ్మలు, గాజులు, మెడలో గొలుసు
ఒక్కొక్కటే తీసి హుండీలో వేసినట్టు చూపించినా.
పగలబడి నవ్వినాడు. తర్వాత నవ్వలా.

ఇంగ అమెరికా
లోకంలో యాడ సంపాదించినా లెక్క చెప్పమంటాదంట.
ఒకే రాబడికి రెండు దేశాలా అన్నా.
"ఒకచోట కట్టింది ఇంకోచోట తగ్గిస్తారు అక్కా,
ఒప్పందముంది."
అట్ల చెప్పు. ఒక్క తలకు ఒక్కటే గుండు.

ఫారంలో ఒక్క గడే మిగిలింది.
కెనడా వదిలిన తేదీ.
ఆయన రాయలా. నన్నడిగినాడు, ఆమె తెలుగులో చెప్పింది:
ఇంటి తాళం ఇచ్చిన రోజా?
ఆరోగ్యం కార్డు వెనక్కి పంపిన రోజా?
మంచు మీద జారే బూట్లు
పక్కింటి పిల్లోడికి ఇచ్చేసిన రోజా?
ఆడిటరును అడగండి అన్నా.
అడిగినారంట. ఆయన ఏదో ఒకటి చెప్పినాడు.
అందుకని పెన్సిలిచ్చినా.
రాసి, చూసి, చెరిపినాడు.

పోతా పోతా రసీదు కావాలన్నారు, మూడు వందల యాభైకి.
ఇన్నేండ్లలో నన్నెవురూ రసీదు అడగలా.
తెల్లకాగితం తీసి రాసినా:
ముట్టినది. సొమ్ము. తేదీ.
పేరు, రెడ్డెమ్మ.
ఊరు అనే చోట
చెయ్యి దానంతట అదే కార్వేటినగరం అని రాసింది.
దాన్ని కొట్టేసి తిరుపతి అని రాసినా.
కొట్టేసినదాని పక్కన
ఒక పొట్టి సంతకం.
అది రూలు.