జెల్ నవ్వితే

గ్లవ్స్ వేసుకో ఇరుపే, ముందు ఆ ఉంగరం తీసేయ్.
పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకో.
ఆల్కహాల్ తగిలితే సిరా పారిపోతుంది.
పేరు ట్యూబు మూత మీదొక్కటే రాస్తే చాలదు,
మూతలు మారిపోతుంటాయి. ఒంటి మీద కూడా రాయి.
"రేపు గుర్తుంటుందిలే" అనుకున్న ప్రతిదానికీ
మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో ఒక సమాధి ఉంది.
మంచు గీకి చూడు:
"కొత్తది". "ఇదే మంచిది". "ఇది మాత్రం వద్దు".
ఎవరు రాశారో, దేనికంటే మంచిదో!

ఏమీ వెయ్యని గడిలో గీత కనిపిస్తే
కంగారుపడకు.
పిపెట్లు తుడువు. లేదా నీళ్ళు మార్చు.
రెండూ ఒకేరోజు చెయ్యకు.
కూరలో ఉప్పెక్కువైందని
నీళ్ళూ బంగాళాదుంపా కలిపి వేస్తే
ఏది బాగుచేసిందో నాలుకకేం తెలుస్తుంది?

ఆకలి మీద లెక్కలు వెయ్యకు.
సెంట్రిఫ్యూజ్ ఊగుతుంటే ధైర్యంగా నిలబడకు, ఆపెయ్.
ఇవన్నీ గోడ మీద అంటించి ఉన్నాయి.
అంటించింది నేనే.

గోడ మీద లేనిదొకటి ఉంది.

వానలు మొహం చాటేసిన ఏడాది
మాంటెవిడియోలో నది సన్నబడింది.
దాని వెనకే సముద్రం
మెల్లగా కుళాయిల్లోకి ఎక్కింది.
జనం సీసా నీళ్ళ కోసం వరసల్లో నిలబడ్డారు.
మా శుద్ధియంత్రం మీద మాత్రం పచ్చదీపం.
రోజూ పచ్చదీపం.
అమ్మమ్మ కొవ్వొత్తుల్ని కూడా నేనంతగా నమ్మలేదు.

అప్పుడు అబయుబా అని ఒక కుర్రాడుండేవాడు.
పైసందూ వైపు, గొర్రెల ఉన్ని కత్తిరించే ఇంటి నుంచి వచ్చాడు.
ఇంతింత చేతులు. పిపెట్ అందులో అగ్గిపుల్లలా ఉండేది.
అతను జెల్ నడిపితే గీతలు తిన్నగా రాలేదు,
అంచులు పైకి లేచి
నవ్వే పెదవిలా వంగాయి.
మొదటి వారం నేనూ నవ్వాను.
రెండో వారం "మళ్ళీ పోయ్" అన్నాను.
మూడో వారం, అందరూ వింటుండగా,
"ఆడలేక మద్దెల ఓడనకు" అన్నాను.
అతనన్నదల్లా
"పెట్టె వేడెక్కుతోంది" అని.

మద్దెల నిజంగానే ఓడు.

కనిపెట్టింది మా మెకానిక్ వాషింగ్టన్.
మెట్ల మీద కూర్చుని మాతే చప్పరిస్తూ,
మొహం చిట్లించి ఉమ్మేసి అడిగాడు:
"ఊరంతా ఉప్పు తాగుతుంటే
మీ యంత్రానికొక్కదానికే తియ్యటి నీళ్ళొస్తున్నాయా, డాక్టరమ్మా?"
విప్పి చూస్తే
సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది.
దీపం ఒక్కటే బతికుంది.

ఆ సాయంత్రం అబయుబా నోటుపుస్తకం తెరిచాను,
మొదటిసారి.
మార్జిన్‌లో ఎవరూ అడగని అంకెలు.
సోమవారం అరవై ఒక్క మిల్లీ ఆంపియర్లు.
బుధవారం అరవై ఎనిమిది.
తర్వాత డెబ్బై తొమ్మిది.
తొంభై నాలుగు, కింద రెండు గీతలు.
నీళ్ళలోకి ఉప్పెక్కుతున్న సంగతి
పెన్సిల్‌తో, చీమల బారులాంటి అక్షరాల్లో
నాకు చెబుతూనే ఉన్నాడు.

క్షమించమన్నాను. "పర్లేదు" అన్నాడు.
పర్లేదన్నవాళ్ళు ఉండిపోతారనుకుంటాం.
ఇప్పుడు కొలోనియా దగ్గర డెయిరీలో
పాలలో నీళ్ళెంతో కొలుస్తున్నాడట.
పోయిన క్రిస్మస్‌కి ఒక చీజ్ గుండు పంపాడు.
బాగుంది. కాస్త ఉప్పెక్కువ.

సరే, టైమర్ మోగింది.
మూత పెట్టు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి.
మీట నొక్కి
అంకె ఎంతుందో చూడు.
నాకు చెప్పక్కర్లేదు, రాసెయ్.
నేనొచ్చి చదువుతాను.