మూడో డబ్బా

సలీమాలో, సెంగా బే రోడ్డు మలుపు దగ్గర
మొక్కజొన్న మర నీడలో కూర్చుంటుంది ఎనెలెసి.
మర ఆడినంతసేపూ ఆమె మాటలు సగమే వినిపిస్తాయి.
మిగతా సగం చేతులు చెబుతాయి.

పొద్దున్నే వచ్చే సైకిలు టాక్సీలను
ముందు తలకిందులు చేస్తుంది.
పలకరింపులు ఆ తర్వాతే.

చక్రం తిప్పి కళ్ళు మూసుకుంటుంది.
బ్రేకు రబ్బరు ఒక్కచోటే రాసుకుంటే
అక్కడ సుద్దముక్కతో గీత.
చువ్వల్ని ఒక్కొక్కటిగా గోటితో మీటుతుంది:
బిగువున్నది పలుకుతుంది, వదులైనది గొణుగుతుంది.
రిమ్ము పక్కన బొటనవేలు జరిపి
గుంట తగిలితే పెదవి విరుస్తుంది.
తడి ఇసుకా రబ్బరూ కలిసి
ఇనుమును కూడా తినేస్తాయి.

నేనామె దగ్గర చేరి ఏడాదిన్నర.
మొదటి ఆర్నెల్లూ కిరసనాయిలులో గోళీలు కడగడమే పని.
కడిగి, అరచేతిలో దొర్లించి,
మెరుపు పోయినదాన్ని పట్టుకోవాలి.
ఒక్కటి పోతే అన్నీ మార్చాలట.
"పిండిలో ఒక్క రాయి చాలు కదరా, పన్ను విరగడానికి."

తెగేదాకా లాగొద్దంటారు.
చైను సంగతి అంతకన్నా చెడ్డది.
తెగడానికి చాలా ముందే అది సాగుతుంది,
సాగుతూ సాగుతూ
పళ్ళను కూడా తన దారికి తెచ్చుకుంటుంది.
ముందు పళ్ళచక్రం దగ్గర రెండు వేళ్ళతో పట్టి లాగి చూడాలి.
సగం పన్ను బయటపడిందా, అయిపోయినట్టే.

మసౌత్సో సైకిలుకి నిన్న పూర్తి పన్ను బయటపడింది.

అతని వెనక సీటుకి కొత్త రెగ్జిను, ఎర్ర కుచ్చులు.
హ్యాండిలుకి రెండు అద్దాలు.
ఎక్కేవాళ్ళ కంటికి ఆనేవన్నీ కొత్తవే.
జేబులోంచి నూనె కాగితం పొట్లం తీశాడు.
"కొత్త చైను. ఇది వేసెయ్. ఇంకేం ముట్టుకోకు."

ఎనెలెసి వెనక ఫ్రీవీలు చూపించింది.
ఒక్కో పన్నూ గాలపు ముల్లులా వంగి ఉంది.
"దీనిమీద కొత్తది కూర్చోదు. జారుతుంది.
సరిగ్గా నువ్వు లేచి నిలబడి తొక్కేటప్పుడు."
అతనికి వినిపించలేదు.
మర ఆడుతోంది కదా అనుకున్నాను.
మర అప్పటికే ఆగింది.

నన్నే వేయమంది. వేశాను.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు, సైకిలు నడిపించుకుంటూ,
మోకాలి చిప్ప మీద చర్మం లేదు.
వెనకే ఒక ముసలావిడ,
నెత్తిమీద ఎండుచేపల బుట్ట సగం ఖాళీ,
రోడ్డు పొడుగునా తిట్టి గొంతు బొంగురుపోయినా
ఇంకా తిడుతూనే ఉంది.

ఎనెలెసి ముందు ఆవిడకి స్టూలు వేసింది.
తర్వాత గోడవారన ఉన్న పాలపొడి డబ్బాలు జరిపింది.
ఒకదాంట్లో కాస్త అరిగిన చైన్లు, రెండోదాంట్లో ఇంకాస్త,
మూడోదాంట్లో ఎవరూ అడగనివి.
అది తుక్కనుకుని రెండుసార్లు పారేయబోయాను నేను.
స్కూలు స్కేలుతో ఒక్కొక్కటే కొలుస్తూ
ఆరోదాని దగ్గర ఆగింది.
"ఇది ఇటుకలు మోసేవాడిది. ఇదీ బరువులు చూసిందే."

కూర్చుంది.
చప్పుడు లేకుండా ఏం కాదు, కొంచెం గరగర.
మసౌత్సో పెడలు మీద నిలబడి తొక్కాడు,
మర చుట్టూ ఒకసారి, మళ్ళీ ఒకసారి,
పడటానికే చూస్తున్నట్టు.
జారలేదు.

కొత్త చైనును మళ్ళీ నూనె కాగితంలో చుట్టి
మేకుకు తగిలించి
దాని కింద సుద్దతో అతని పేరు రాసింది,
ఫ్రీవీలు కొనుక్కునే రోజుకి.
అతను నోటు తీస్తే ముసలావిడ వైపు గడ్డం ఊపింది.
"చేపలకి."

"ఇదెన్నాళ్ళొస్తుంది?" అన్నాడు వెళ్తూ.
"వానల దాకా."

వానలెప్పుడో చెప్పలేదు.
ఎవరూ అడగలేదు.
నేను స్కేలు తుడిచి
మూడో డబ్బా మూత గట్టిగా నొక్కాను.