కుడిచెయ్యి

ఆగస్టు పదమూడు.
లాబ్రడార్ తీరంలో మంచు వదిలి నెలన్నర,
మళ్ళీ గడ్డకట్టడానికి ఎన్నాళ్ళో లేదు.
ఈ సందు చూసుకుని దోమలు,
ఈ సందులోనే మా నిబంధన పండుగ.

తెల్లారకముందే గుడి కప్పెక్కి బాకాలూదాం.
ఊరికన్నా ముందు కుక్కలు లేచాయి.
హుల్దా అవ్వ గుమ్మంలోంచి తలెత్తి
"రెండో పాటలో ఎవరో తప్పారు" అంది.
నేనే.

నా చేతిలో ట్రాంబోన్ నాది కాదు,
అన్న రెనాటస్‌ది.
జారుగొట్టం పట్టుకునే చోట
అతని బొటనవేలికి ఇత్తడి అరిగి పల్లమైంది.
నా వేలు చిన్నది.
ఎంత సర్దినా పల్లంలో కాస్త చోటు మిగిలిపోతుంది.

పోయినేడు మే నెలలో
మంచు పైకి తెల్లగానే ఉంది, గట్టిగానే ఉంది.
స్నోమొబైల్ నడిపింది బోయస్.
వెనక కూర్చున్నది అన్న.
పైకి తేలింది ఒక్కడు.

అప్పట్నుంచి బోయస్‌తో నాకు మాటల్లేవు.
మా గడపలో సీల్ మాంసం పెట్టి
తలుపు కొట్టకుండా పోయేవాడు.
నేను కుక్కలకు వేసేదాన్ని.
అతన్ని చూస్తే తోకలూపడం
అవి ఎప్పుడు నేర్చుకున్నాయో తెలీదు.

గుళ్ళో బాజావాళ్ళ బల్ల మీద వరస ఇదీ:
తబెయా, నేను,
అన్న చోటు,
ఒళ్ళో ట్యూబాతో బోయస్.
ఆ చోట్లో పాటల పుస్తకాలు పేరుస్తున్నాం
ఖాళీ అని ఎవరి నోటా రాకుండా.

పాస్టరుగారు రాలేదు. పొగమంచుకి విమానం ఎగరలేదట.
సంఘపెద్ద జకారియస్ కళ్ళద్దాలు తుడుచుకుని
తాతలు రాసుకున్న ఒడంబడిక చదివాడు:
ఒకరి వల ఒకరం బాగుచేస్తామని,
ఒకరి చెడ్డ ఇంకొకరి చెవిన వెయ్యమని,
పొద్దు గుంకేలోపు కోపం విడుస్తామని.
ఇక్కడ జూన్‌లో పొద్దు ఓ పట్టాన గుంకదు.
ఆ వెసులుబాటు చూసుకునే తాతలు సంతకం పెట్టి ఉంటారు.
నా పొద్దు పదిహేను నెలలుగా నడినెత్తినే ఉంది.

తర్వాత కృతజ్ఞతలు. లేచి చెప్పాలి.
చార్ చేప బాగా పడిందని ఒకరు.
మనవరాలికి దగ్గు తగ్గిందని ఒకరు.
చలికాలమంతా జనరేటర్ ఆగలేదని ఒకరు —
దానికి ఆమేన్ కప్పు అదిరేలా పలికింది.
బోయస్ లేచాడు.
నోరు తెరిచాడు.
కూర్చున్నాడు.
బతికినందుకు స్తోత్రమని
నా పక్కన నిలబడి చెప్పడం అతనికి చేతకాలేదు.

నాకు ప్రార్థన రావడం మానేసింది.
వెనక వరసలో హుల్దా అవ్వ ప్రతి మాటా రెండుసార్లు అంటుంది.
చాదస్తం అనుకునేదాన్ని.
ఇవాళ చెవిపెట్టి విన్నాను:
రెండోసారి అనేటప్పుడు గొంతు మారుతోంది,
ఎవరిదో అప్పు తీరుస్తున్నట్టు.

"సహవాసానికి కుడిచెయ్యి ఇచ్చుకోండి."
ఎడంపక్క తబెయాకి ఇచ్చాను. సులువు.
కుడిపక్క పుస్తకాలు.
వాటి మీదుగా, గాలిలో,
అడగని చెయ్యి ఒకటి.
బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు.
మిగతా రెండూ
నీళ్ళలో తాడు వదలనందుకు
ఆస్పత్రిలో తీసేశారు.
ఊరంతా ఈ మాట నాకు చెప్పింది.
వినడం వేరు.
అరచేతిలో రెండు వేళ్ళ చోటు
ఉత్తిగా తగలడం వేరు.

క్షమించానా? తెలీదు.
చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు,
అతనూ గట్టిగా నొక్కలేదు.
నిబంధన గిన్నె పుస్తకాల మీదుగానే దాటింది.

చివరి పాట.
ట్యూబా మూడో మీట ఇప్పుడతను ఎడమచేత్తో నొక్కుతాడు.
అక్కడ కింది స్వరం కాస్త ఆలస్యంగా వస్తుంది.
బాజా మొత్తం ఆగుతుంది.
ఆగమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే ముందుకెళ్ళి
తప్పుతూ వచ్చాను.
ఇవాళ ఊపిరి బిగబట్టి
అతను వచ్చేదాకా ఉన్నాను.

ప్రేమవిందులో తీపి బన్ను, వేడి టీ.
కప్పులోకి చూస్తూ అన్నాడు:
"సీల్ దొరికితే తెస్తా."
"కుక్కలు అలవాటు పడ్డాయి" అన్నాను.
"వాటికి వేరే తే."